బార్కస్ శ్రుతిజీవి

వీణకూ సితారుకూ ఉండే పొడవైన దండి గానీ, దండి మీద మెట్లు గానీ లేకుండా, చదునైన చెక్కపెట్టె మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా తీగలను వరసగా బిగించి మీటే వాద్యాలు ఒక ప్రత్యేకమైన జాతి. అరబ్బుల కానూన్, అమెరికన్ల ఆటోహార్ప్, హిందుస్తానీ గాయకులు ఒడిలో పెట్టుకుని పాడే స్వరమండల్ ఈ జాతికి చెందినవే. ఈ వాద్యాల లక్షణాలను శాస్త్రకారులు శ్రద్ధగా వర్ణించారు కానీ, వాటిని కొని ఇంటికి తెచ్చుకునే మనుషుల లక్షణాలను అంతగా పట్టించుకోలేదు. ఆ లోటును కొంతైనా తీర్చడానికి, హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వెళ్ళే దారిలో ఉన్న బార్కస్‌లో ఎక్కడో ఒక ఇంట తారసపడే ఒక రకం పెద్దమనిషిని ఇక్కడ పరిచయం చేయవలసి ఉంది. ఆయన స్వరమండల్‌ను వాయించడు, శ్రుతి చేస్తాడు. కనుక ఆయనను శ్రుతిజీవి అనవచ్చు.

శ్రుతిజీవి సాధారణంగా ప్రభుత్వోద్యోగం నుంచి విరమించినవాడు, పింఛను వచ్చేవాడు, ఒక మేనల్లుడు అందుబాటులో ఉన్నవాడు అయి ఉంటాడు. ఈ మూడింటిలో మేనల్లుడు ముఖ్యం. ఎందుకంటే పింఛను లేకపోయినా అప్పుతో తీగలు కొనవచ్చు గానీ, తీగ బిగించేటప్పుడు రెండో కొసను కదలకుండా పట్టుకునే మనిషి లేకపోతే పని నడవదు. తెగిన తీగ ఎగిరి ఎవరి చేతికి తగలాలన్నది కూడా ఈ ఏర్పాటులోనే తేలిపోతుంది.

వాద్యం వంశం గొప్పది. 13వ శతాబ్దపు సంగీతరత్నాకరంలో శార్ఙ్గదేవుడు 21 తీగల మత్తకోకిల అనే వీణను చెప్పగా, విజయనగర కాలపు వ్యాఖ్యాత కల్లినాథుడు లోకంలో స్వరమండలం అనేది దానినే అని వివరించాడు. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ కూడా తన ఐనీ అక్బరీలో కానూన్‌ను పోలిన 21 తీగల వాద్యంగా దీనిని పేర్కొన్నాడు. శ్రుతిజీవి ఈ వంశావళిని కంఠస్థం చేసి, సమయానికి తగినట్టు ఉపయోగిస్తాడు. కొత్త తీగల కట్టకు ఎంతయిందని ఇల్లాలు అడిగినప్పుడు శార్ఙ్గదేవుడితో మొదలుపెట్టి, ఆమె పొయ్యి మీద పాలు గుర్తుకొచ్చి లోపలికి వెళ్ళేసరికి అబుల్ ఫజల్ దగ్గర ఆగుతాడు. ఆ విధంగా తీగల వెల ఆ ఇంట్లో నేటికీ చరిత్ర చాటునే ఉంది.

ఆయన స్వభావాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు వాద్యం పనితీరును అర్థం చేసుకోవాలి. ఫిలడెల్ఫియాలో స్థిరపడిన చార్లెస్ జిమర్‌మన్ అనే జర్మన్ వలసదారు ఆటోహార్ప్ పేరుతో ప్రచారంలోకి తెచ్చిన వాద్యంలో, తీగలకు అడ్డంగా కొన్ని పట్టీలు, వాటి అడుగున మెత్తని ఉన్నిగుడ్డ ముక్కలు ఉంటాయి. ఒక పట్టీని నొక్కితే అవసరం లేని తీగలన్నిటి నోరూ మూసుకుపోయి, కార్డ్ అనబడే స్వరాల గుంపు, అంటే ఒకదానితో ఒకటి పొసగి ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాలు మాత్రమే పలుకుతాయి. స్వరమండల్‌కు ఆ సదుపాయం లేదు. 30, 36 తీగల మీద వేలు జారిస్తే అన్నీ పలుకుతాయి కనుక, పాడబోయే రాగంలో లేని స్వరం ఒక్కటి కూడా ముందుగానే లేకుండా చూసుకోవాలి. ఎడమ వైపు కొక్కేలకు తగిలించిన తీగలు కుడి వైపు ఇనుప మేకులకు చుట్టుకుని ఉంటాయి; ఆ మేకులను చిన్న చాబీతో పిసరంత తిప్పుతూ ఒక్కొక్క తీగనూ దాని స్వరానికి తేవాలి; రాగం మారితే మళ్ళీ తిప్పాలి. భూపాలీ నుంచి, అంటే మన మోహనం నుంచి, మాల్‌కౌంస్‌కు, అంటే మన హిందోళానికి, మారదలచినవాడికి షడ్జం ఒక్కటే మిగులుతుంది, తక్కిన తీగలన్నీ కొత్త స్వరాలకు పోవలసిందే.

హిందుస్తానీ సంప్రదాయంలో ఒక్కొక్క రాగానికి ఒక్కొక్క వేళ ఉండడం వల్ల ఈ కష్టం రెట్టింపవుతుంది. యమన్ పాడవలసింది పొద్దుగూకిన తరువాత, రాత్రి తొలి జాములో. శ్రుతిజీవి దీపాలు పెట్టే వేళకు చాప పరచి, చాబీ తీసి, పెట్టెను ఒడిలోకి తీసుకుని, యమన్‌కు శ్రుతి చేయడం ప్రారంభిస్తాడు. ఇరవయ్యో తీగ దగ్గరకు వచ్చేసరికి మూడో తీగ సడలిందన్న అనుమానం కలుగుతుంది. మూడోదాన్ని సరిచేస్తే దాని తార స్థాయిలోని జోడు తప్పినట్టు వినిపిస్తుంది. భోజనం రెండుసార్లు చల్లారి రెండుసార్లు వేడెక్కుతుంది. చివరి తీగ కుదిరేసరికి యమన్ వేళ దాటిపోయి మాల్‌కౌంస్ వేళ దగ్గరపడుతుంది. సంప్రదాయం మీద గౌరవం ఉన్నవాడు కనుక, ఆయన అవేళ యమన్ పాడడు. మాల్‌కౌంస్‌కు తీగలు మార్చడం మొదలుపెడతాడు. తెల్లవారితే భైరవ్ ఉండనే ఉంది.

కొనుగోలు విషయంలో శ్రుతిజీవి పరిశోధకుడిగా మారుతాడు. ఈ వాద్యానికి హైదరాబాదుతో నిజమైన సంబంధాలు ఉండడం ఆయనకు కొండంత బలం. స్వరమండల్‌ను ఒడిలో పెట్టుకుని పాడిన పాటియాలా ఘరానా మహాగాయకుడు ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ 1968 ఏప్రిల్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసి, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో విశ్రమించాడు. స్వరమండల్ లేకుండా వేదిక మీద ఊహించడానికి వీలులేని పండిత్ జస్‌రాజ్ బాల్యంలో కొంత భాగం ఈ నగరంలోనే గడిచింది; ఆయన తండ్రి మోతీరామ్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో చేరవలసి ఉండగా 1934లో ఇక్కడే మరణించడంతో, ఆయన స్మృతిలో 1972 నుంచి నగరంలో ఏటా సంగీతోత్సవం జరుగుతూ వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో ఒక పాత స్వరమండల్ దొరికినప్పుడు, అది ఎవరిదో సాధారణుడిదై ఉంటుందని నమ్మడానికి శ్రుతిజీవి మనసు ఒప్పుకోదు.

అందుచేత జుమ్మేరాత్ బజార్‌లో, అంటే గురువారం నాడు పాత సామాను అమ్మే సంతలో, పాడైన మిక్సీలకూ చక్రం లేని సైకిలుకూ మధ్య కనబడిన పెట్టెను ఆయన ఖాన్‌సాహెబుదే అని నిశ్చయించుకుని, అమ్మేవాడు అడగకముందే ధర పెంచి, షేర్ ఆటోలో మేనల్లుడి ఒడిలో పెట్టించి ఇంటికి తెస్తాడు. పెట్టె లోపల అంటించిన తయారీదారు కాగితం మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉందనీ, మన దేశంలో పిన్‌కోడ్‌లు 1972 ఆగస్టు 15న గానీ రాలేదనీ, ఖాన్‌సాహెబు అప్పటికి నాలుగేళ్ళ కిందటే పోయాడనీ మేనల్లుడు చూపితే, కాగితం తరువాత ఎవరో అంటించారని శ్రుతిజీవి తీర్పు చెబుతాడు. ఆ వాదానికి జవాబు లేదు. జవాబు ఉన్నవాళ్ళు కూడా మేనమామ ముందు చెప్పరు.

పోషణ మరొక అధ్యాయం. ఎండకు ఉక్కుతీగ సాగి స్వరం దిగుతుంది, వానకు చెక్క తేమ పీల్చి ఉబ్బి స్వరాన్ని ఎక్కిస్తుంది, చేతి చెమటకు తీగ తుప్పు పడుతుంది. ఇవి నిజాలే. అయితే ఈ నిజాల నుంచి శ్రుతిజీవి రాబట్టిన గృహనిబంధనలను గురించి ఏ శాస్త్రంలోనూ లేదు. ఏప్రిల్ నెలలో హైదరాబాదు ఉడికిపోతున్నప్పుడు, “అల్లుడా, జర ఫ్యాన్ బంద్ జెయ్యి, తీగలకు గాలి తగులుతున్నది” అన్న ఆజ్ఞ వెలువడుతుంది. తీగల కోసం పంకా ఆగిపోయిన ఆ గదిలో మనుషుల చెమట తీగల మీద పడకుండా మనుషులు దూరంగా కూర్చోవాలి. వానాకాలంలో ఇంటికి వచ్చిన తువ్వాళ్ళలో మెత్తనిది పెట్టెకూ, తక్కినవి మనుషులకూ చెందుతాయి. బియ్యం డబ్బాలో చాబీ దాచడం, తరువాత చాబీ కోసం ఇల్లంతా వెతకడం, చివరకు అన్నం వండబోయి ఇల్లాలే దాన్ని బయటపెట్టడం నెలకొక్కసారైనా జరుగుతుంది. తుప్పు పట్టకుండా బియ్యం కాపాడుతుందని ఆయన వాదన. తుప్పు బియ్యానికి పట్టకుండా ఎవరు కాపాడతారని ఆమె ప్రశ్న.

ఇదంతా మరో పేటలో జరిగి ఉంటే కొంత సజావుగా సాగేదేమో. కానీ బార్కస్ నిజాముల కాలంలో సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే పేట. జామపండ్లకూ, హరీస్‌కూ, ఇప్పుడు మండీ భోజనానికీ ఎంత పేరో, మర్ఫాకూ అంత పేరున్న చోటు. మర్ఫా అంటే మెడలో వేలాడేసుకునే చిన్న నగారాలు, డప్పులు, ధోల్, లోహపు బిందె కలిసిన మేళం. పెళ్ళి ఊరేగింపు కదలాలంటే అది మోగాలి. వీధిలో మర్ఫా మొదలయిందంటే శ్రుతిజీవి కిటికీలు మూయిస్తాడు, గడియలు వేయిస్తాడు, చెవులు మూసుకుంటాడు. అయినా ప్రయోజనం ఉండదు. పైగా ఒక విచిత్రం జరుగుతుంది. ఒక శబ్దం తన స్వరానికి తగిలినప్పుడు బిగించిన తీగ ఎవరూ ముట్టకుండానే కంపిస్తుంది. దీనినే అనునాదం అంటారు. మేళం గుమ్మం ముందుకు వచ్చి గోడలు అదిరే సమయంలో, పెట్టెలోని 36 తీగలూ ఎవరి వేలూ లేకుండా ఝుమ్మని పలుకుతాయి. ఆ ఇంట్లో స్వరమండల్ నిండుగా మోగేది అప్పుడే. ఈ రహస్యం తెలిసిన మేనల్లుడు పెళ్ళిళ్ళ సీజన్ కోసం ఎదురుచూస్తాడు గానీ, ఆ మాట పైకి అనడు.

వీధిలోని పడుచువాళ్ళు శ్రుతిజీవిని గౌరవంగానే పలకరిస్తారు. “మాస్టర్ సాబ్, గానా కబ్?” అని, అంటే పాట ఎప్పుడని, అడుగుతారు. “ఇంకొక్క తీగ ఉన్నది బేటా” అన్నది ఆయన జవాబు. ఆ ఒక్క తీగ అన్ని కాలాల్లోనూ ఉంది. అది ఏ తీగ అన్నది మాత్రం రోజూ మారుతూ ఉంటుంది.

ఇంత చెప్పిన తరువాత, ఆయన పక్షాన చెప్పవలసింది కూడా కొంత ఉంది. స్వరమండల్ రాగాన్ని తానుగా వినిపించే వాద్యం కాదు. గాయకుడి గొంతుకు కింద పరచే స్వరాల పరుపు మాత్రమే. దాని మీద గమకం పలకదు, తానం నడవదు. దానికున్న గొప్పతనమంతా శ్రుతిలోనే ఉంది. కాబట్టి శ్రుతి చేయడంతోనే తన పని ముగిసిందనుకునేవాడు వాద్యధర్మానికి పూర్తిగా ద్రోహం చేసినవాడు కాడు. ఆ శ్రమ వృథా కూడా కాలేదు. పాట ఒక్కటీ వినని ఆ ఇంటివాళ్ళకు అపస్వరం మాత్రం ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. ఇల్లాలు వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ, “గాంధారం దిగింది చూసుకోండి” అంటుంది. అది నిజంగానే దిగి ఉంటుంది. మేనల్లుడికి పెళ్ళిళ్ళలో సన్నాయి కుదరదు, గుడి మైకులో భజన కుదరదు, ఫోన్లలో మోగే పాటలు అసలే కుదరవు. సంగీతం వినే సుఖాన్ని పోగొట్టి, సంగీతం తప్పినచోట పట్టుకునే నేర్పును ఇచ్చిన మేనమామ మీద అతనికి కోపం రావడం సహజమే, ఆయన ఊరికి పోయిన రోజున ఇల్లు బోసిగా ఉండడమూ సహజమే.

ఈ జాతి వాద్యకారులకే పరిమితమని అనుకోవడం పొరపాటు. మంచి పాళీ దొరికేదాకా కవిత్వం మొదలుపెట్టని కవులలో, కలపను నునుపు చేయడంతోనే రిటైరయ్యే వడ్రంగులలో, మేనమామను వెక్కిరిస్తూ వ్యాసం రాయబోయి మొదటి వాక్యంలో ఒక మాట ఎక్కువైందని తీసి, తక్కువైందని మళ్ళీ పెట్టి, యమన్ వేళకు కూర్చుని మాల్‌కౌంస్ వేళకు కూడా రెండో వాక్యానికి రాలేని మేనల్లుళ్ళలో ఈ లక్షణాలే కనిపిస్తాయి. అటువంటి మేనల్లుడికి రెండోసారి అన్నం వేడి చేసి పెడుతూ అత్తయ్య వెలువరించే సిద్ధాంతం ఈ విషయం మీద వచ్చిన వివరణలన్నిటిలోకీ క్లుప్తమైనది: “మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది!”