జామచెట్టు కింద చీమలు

మా మెడికల్ షాపు కౌంటరు మీద మందపాటి గాజు పలక ఉంటుంది. దాని కింద వేంకటేశ్వరస్వామి ఫొటో, హోల్‌సేల్ వాళ్ల ఫోన్ నంబర్లు, వాటి మధ్య ఓ పేపరు ముక్క. 2023 సెప్టెంబరు చివర్లో వచ్చిన వార్త అది. ఢిల్లీలో రాష్ట్రస్థాయి అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్లు స్టేడియానికి వచ్చారన్న కబురు పాకింది. అంతే, పురుషుల వంద మీటర్ల ఫైనల్‌కి గీత దగ్గర నిలబడ్డది ఒకే ఒక్కడు. తక్కినవాళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పట్టేశాయి, కండరాలు లాగేశాయి.

ఆ ముక్క నేనే కత్తిరించి పెట్టాను. కానిస్టేబుల్ పోస్టులు పడ్డాయంటే చాలు, 1600 మీటర్ల పరుగుకి తయారయ్యే కుర్రాళ్లు చీకటి పడ్డాక షాపుకొస్తారు. పక్కన ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గిస్తారు.

"అన్నా, స్టామినాకి ఏదో ఇంజెక్షన్ ఉంటుందటగా?"

నేను గాజు మీద వేలు పెట్టి చూపిస్తాను. "చదువు. చదివి ఇంటికెళ్లి రాగి జావ తాగు."

పద్దెనిమిదేళ్లుగా షాపు నడుపుతున్నాను. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు ఒక్కటి కూడా కౌంటరు దాటించలేదు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే నేనే చెబుతాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఊళ్లోని జడ్పీ హైస్కూల్లోనే. 1500 మీటర్లు పరిగెత్తుతుంది. నిరుడు మండలంలో ఫస్టు, జిల్లాలో నాలుగో స్థానం. మూడో స్థానానికీ దానికీ మధ్య జానెడు తేడా. ఆ జానెడు నాకు ఏడాదంతా నిద్రలో కూడా కనబడింది. ఈసారి స్కూల్ గేమ్స్‌లో జిల్లా దాటితే రాష్ట్రం, రాష్ట్రం దాటితే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు. మెట్లన్నీ లెక్కేసి పెట్టుకున్నాను. ఎక్కాల్సింది మాత్రం అది.

జులైలో ఓ రోజు గ్రౌండు నుంచి కుంటుకుంటూ వచ్చింది. మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు ఎముక మీద వేలు పెడితే కెవ్వుమంది.

"బెణికి ఉంటుంది తల్లీ. పాలు, గుడ్లు తగ్గాయి నీకు. ఒంట్లో బలం లేకపోతే ఇలాగే ఉంటుంది," అన్నాను.

మర్నాటి నుంచి ఆ పని నా చేతిలోకి తీసుకున్నాను. పొద్దున్న నాలుగున్నరకి లేచి, గ్లాసుడు పాలలో పచ్చిగుడ్డు గిలక్కొట్టి, రెండు చెంచాల పంచదార వేసి నేనే కలిపేవాణ్ని. వాళ్లమ్మ కలుపుతానన్నా ఒప్పుకోలేదు. గ్లాసు దాని చేతికిచ్చి బూట్లు తుడవడానికి వీధి అరుగు మీదికి వెళ్లేవాణ్ని. అది పెరట్లో నిలబడి తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేది.

"నొప్పెలా ఉందమ్మా?"

"తగ్గింది నాన్నా."

వారం తిరిగేసరికి కుంటడం మానేసింది. పది రోజులకు టైమింగ్ కూడా మెరుగైందని పీడీ మాస్టారు చెప్పారు. చూశావా మరి అన్నట్టు వాళ్లమ్మ వైపు చూశాను. ఆవిడకి నా గుడ్డు గొడవ పట్టలేదు. "ఆ జామచెట్టు మొదట్లో చీమల మందేదైనా చల్లండి. గండుచీమలు బారులు కట్టి పోతున్నాయి, బట్టలారేయడానికి కాలు పెట్టనివ్వడం లేదు," అంది. తెస్తానన్నాను. మరిచిపోయాను.

ఆగస్టు 29 వచ్చింది. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. స్కూలుకి ఫస్ట్ ఎయిడ్ పెట్టె, వంద ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చినందుకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. శాలువా కప్పారు. పీడీ మాస్టారు మైకు తీసుకున్నారు. ఆయన ఉపన్యాసం చెప్పరు, కథ చెబుతారు.

"ఒరేయ్, రేపు ఆగస్టు 30. సరిగ్గా ఇదే తేదీన, 1904లో, అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. మన రోహిణి కార్తెలో ఎండలా ఉందట ఆ రోజు. మట్టి రోడ్డు. ముందు కార్లు, వెనక కార్లు, మధ్యలో దుమ్ములో మనుషులు. 40 కిలోమీటర్ల దారి మొత్తం మీద మంచినీళ్లు దొరికేది ఒకటి రెండు చోట్లే. ఎందుకో తెలుసా? నీళ్లు తాగకుండా మనిషి ఎంతదూరం పరిగెత్తగలడో చూద్దామని పోటీ పెట్టిన పెద్దమనిషికి సరదా పుట్టింది. 32 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 14 మంది."

పిల్లలు చప్పుడు చేయడం లేదు.

"అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చినవాడు ఫ్రెడ్ లోర్జ్. జనం ఒకటే చప్పట్లు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గారి కూతురు బహుమతి ఇవ్వబోతోంది. ఇంతలో ఎవడో అరిచాడు, వీడు కారెక్కి వచ్చాడండోయ్ అని. నిజమే. సగం దూరం కూడా రాకముందే కాళ్లు పట్టేస్తే కారెక్కాడు, 11 మైళ్లు కార్లో వచ్చాడు. ఆ కారు చెడిపోతే దిగి మళ్లీ పరిగెత్తాడు. సరదాకి చేశాన్లెండి అన్నాడు. పతకం ఇవ్వలేదు సరికదా, జన్మంతా పరిగెత్తకూడదన్నారు."

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"అప్పుడు వచ్చాడు రెండోవాడు. థామస్ హిక్స్. ఇత్తడి పనివాడు. వాడికే స్వర్ణం. మరి వాడెలా వచ్చాడో వినండి. ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉందనగా ఒళ్లు తూలిపోయింది. నీళ్లు, నీళ్లు అన్నాడు. పక్కనే కార్లో వస్తున్న వాడి శిక్షకులు నీళ్లివ్వలేదు. తడి స్పాంజితో నోరు తుడిచారు. గుడ్డు తెల్లసొనలో ఓ మందు కలిపి తాగించారు. కాసేపాగి మళ్లీ గుడ్డు, మళ్లీ అదే మందు, పైన బ్రాందీ. ఆ మందు పేరు స్ట్రిక్నిన్. అదేమిటో మన ముఖ్య అతిథిగారు చెబుతారు. మందుల సంగతి ఆయన కంటే ఎవరికి తెలుసు?"

మైకు నా చేతికొచ్చింది. గొంతు సవరించుకున్నాను.

"ముష్టి గింజ విన్నారా? మన అడవుల్లో కాసేదే. అందులో ఉండే విషమే స్ట్రిక్నిన్. ఎలుకల్ని చంపడానికి వాడేవారు. రవ్వంత వేస్తే నరాలు రెచ్చిపోతాయి. మోతాదు దాటిందా, కండరాలు కొయ్యబారిపోయి ఊపిరాడక మనిషి చస్తాడు. ఈనాటికీ క్రీడల్లో నిషేధించిన మందుల జాబితాలో ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో కిర్గిజ్‌స్తాన్ వెయిట్‌లిఫ్టరు ఒకడు దీనివల్లే కాంస్యం పోగొట్టుకున్నాడు." అక్కడితో ఆపితే సరిపోయేది. "పరిగెత్తేవాడు నీళ్లడిగితే మందు పోసిన ఆ దుర్మార్గుల్ని ఏమనాలి? వాళ్లు మనుషులేనా?" అని కూడా అన్నాను. చప్పట్లు మోగాయి.

మాస్టారు మళ్లీ అందుకున్నారు. "హిక్స్ చివర్లో నడవలేదురా. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని గీత దాటించారు. కాళ్లు గాల్లో ఆడుతున్నాయి. దాటగానే పడిపోయాడు. డాక్టర్లు చుట్టుముట్టి బతికించారు. అప్పట్లో మందుల మీద నిషేధం లేదు కాబట్టి పతకం వాడికే. ఇప్పుడు చెప్పండి. ఈ కథలో పెద్ద దొంగ ఎవడు?"

"లోర్జ్! లోర్జ్!" అని సగం మంది.

"లోర్జ్ మీద నిషేధం ఆ తర్వాత ఎత్తేశారు. 1905లో కారెక్కకుండా పరిగెత్తి బోస్టన్ మారథాన్ గెలిచాడు. ఇంకా ఆలోచించండి."

"హిక్స్!" అని మిగతా సగం.

ముందు వరసలో ఆరో తరగతి బుడతడొకడు లేచాడు. నిక్కరు పైకి లాక్కుంటూ, "గుడ్డు ఇచ్చినోళ్లండి," అన్నాడు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. వాణ్ని వేదిక మీదికి పిలిచి జేబులోంచి వంద నోటు తీసి ఇచ్చాను. తొమ్మిదో తరగతి వరసలో మా అమ్మాయి కనబడింది. చప్పట్లు కొట్టడం లేదు. నా వైపే చూస్తోంది.

మర్నాడే విజయనగరంలో జిల్లా సెలక్షన్లు. ఆరింటి బస్సు. నాలుగున్నరకే లేచి పాలు కాచాను. గుడ్డు, పంచదార, అన్నీ మామూలే. గ్లాసు అందించాను. అది తీసుకుంది గానీ పెరట్లోకి వెళ్లలేదు. వంటింటి గడప మీద నిలబడింది.

"నాన్నా."

"తొందరగా తాగు తల్లీ, బస్సు టైమవుతోంది."

"హిక్స్‌కి తెలుసా నాన్నా? గుడ్డులో ఏం కలిపారో?"

స్టవ్ కట్టేయడానికి చెయ్యి చాపాను. నాబ్ మీద వేళ్లు అలాగే ఉండిపోయాయి.

దాని కళ్లలోకి చూడకుండా గ్లాసు తీసుకుని సింకులో వంచేశాను. గ్లాసు అడుగున తెల్లటి పొడి కొద్దిగా మిగిలింది. కుళాయి తిప్పాను. అది పోవడానికి చాలాసేపు పట్టింది.

ఆరింటి బస్సే ఎక్కాం. దిగింది మాత్రం స్టేడియం దగ్గర కాదు, ఎముకల డాక్టరు దగ్గర. దారి పొడుగునా అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను.

డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి పెన్నుతో చూపించారు. కాలి ఎముక మీద, వెంట్రుక వాసి గీత. "ఇది దెబ్బ తగిలి వచ్చింది కాదండీ. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. పెరిగే వయసు పిల్లలు నొప్పిని లెక్కచేయకుండా రోజూ పరిగెడుతూ ఉంటే ఎముక ఇలా చిట్లుతుంది. ముందే ఆపి ఉంటే రెండు మూడు వారాల విశ్రాంతితో పోయేది. ఇప్పుడు కనీసం ఎనిమిది వారాలు. ఇంకొన్నాళ్లు ఇలాగే పరిగెత్తి ఉంటే ఎముక రెండు ముక్కలయ్యేది."

ఆయన ప్యాడ్ మీదికి వంగి, మామూలుగా అడిగినట్టే అడిగారు. "ఈ నెలలో నొప్పి బిళ్లలేమైనా వాడారా?"

చెప్పక తప్పలేదు. షాపులో నా వెనక అరలోనే ఉండే బిళ్ల. చీటీ లేకుండా ఇవ్వనని కుర్రాళ్లని తిప్పి పంపే చేత్తోనే రోజూ నూరాను. "రోజుకొకటి సార్. పొద్దున్నే, పరగడుపున. పాలూ గుడ్డులో కలిపి. దానికి తెలియకుండా."

"ఎన్నాళ్లు?"

"ముప్పై నాలుగు రోజులు." లెక్క నాకు బాగా గుర్తు. పది బిళ్లల అట్టలు మూడు, నాలుగో దాంట్లో నాలుగు.

డాక్టరు పెన్ను కింద పెట్టారు. "ఫార్మసిస్టు మీరు. ఖాళీ కడుపున, అంత చెమట కార్చే పిల్లకి! పొట్ట సంగతి సరే, కిడ్నీలు ఏమవుతాయో నేను మీకు చెప్పాలా? ముందు రక్త పరీక్ష రాస్తాను."

"అక్కర్లేదు సార్," అంది మా అమ్మాయి.

ఇద్దరం దాని వైపు తిరిగాం.

"రెండో రోజే చేదు తగిలింది. గ్లాసు అడుగున పొడి చూశాను. అప్పట్నుంచి ఒక్క చుక్క తాగలేదు సార్. అన్నీ పెరట్లో పారబోశాను."

డాక్టరుకి కాసేపు మాట రాలేదు. ఎక్స్‌రే వైపు చూశారు, దాని కాలు వైపు చూశారు. "మరి బిళ్లలు లేకుండా, ఈ ఎముకతో, నెలరోజులు ఎలా పరిగెత్తావమ్మా? నొప్పి లేదా?"

"ఉంది సార్."

"ఉంటే ఇంట్లో చెప్పొద్దూ?"

అది తల వంచుకుని బూటు లేసు వేలికి చుట్టుకుంది.

"నాన్న ఎంత నొప్పి ఉందని అడగలేదు సార్. తగ్గిందా అనే అడిగేవారు."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కాలి కట్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత నా చేతి సంచి వైపు చూసి, "చీమల మందు తెచ్చారా?" అంది.

తేలేదు. ఇక ఆ మందుతో పనిలేదు.