చేపను చెరువే పెంచేది

మా రోజుల్లో లేపాక్షిలో చేపలు పెంచాలని ఎవరికీ తోచలేదు. ఆ పని చెరువే చేసేది. నాలుగు మంచి వానలు పడి మరవ పారిందంటే చాలు, పరిగెలు వంకల్లోకి ఎదురెక్కేవి. కొరమట్టలు, మార్పులు, జెల్లలు, ఇంగిలీకాలు: వీటి పిల్లల్ని ఎవరూ వదల్లేదు, మేత వేయలేదు.

ఎండాకాలానికి చెరువు నడుమ మడుగొక్కటే మిగిలేది. పాట పాడుకున్న బెస్తవాళ్లు వలలు లాగి వెళ్లాక మిగిలిందంతా ఊరిది. మోకాటిలోతు బురదలో ఊతలు పట్టుకుని దిగేవాళ్లం. ఊతను టపీమని దించి, పైబొక్కలోంచి చెయ్యి పెట్టి తడమాలి. కొరమట్ట అయితే మొప్పల వెనక గట్టిగా అదిమి పట్టాలి, లేదంటే జారిపోతుంది. ఇంగిలీకం అయిందో, రెక్కముల్లు దిగి రాత్రంతా సలుపే. ఆ పూట ఊరంతా రాగిసంగటి, చేపల పులుసే. కొరమట్ట, మార్పు గాలి పీల్చి బతుకుతాయి, నీళ్లు ఇంకినా కొన్నాళ్లు బురదలో ఓర్చుకుంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే మా సీమకు సరిగ్గా సరిపోయిన చేపలవి.

తర్వాత బొచ్చె, శీలావతి, మోసు వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టను. అవి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, ఏటి పారకం కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఎక్కించి గుడ్లు పెట్టించాకే పిల్లలు ఊరూరి చెరువుకూ అందే దారి పడింది. బొచ్చె పైనీళ్లలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి. ఒక్క చెరువులోనే మూడు పంటలు. అది తెలివైన సేద్యం.

నాకు ఒళ్లు మండేది ఆ తర్వాత జరిగినదానికి. కొల్లేరు దిక్కున, కైకలూరు, ఆకివీడు చుట్టూ వరిపొలాలు కూడా చేపల చెరువులైపోయాయి. అక్కడ ఎరువుసంచులకు చిల్లులు పొడిచి, తవుడూ వేరుశనగ చెక్కా నింపి, గుంజలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల దగ్గర మూగి తింటాయి. వేరుశనగ చెక్క మేము ఎనుములకు పెట్టేవాళ్లం. అది తిని బలిసిన చేప ఐసుపెట్టెలో మా సంతకొస్తే, నిగనిగలాడుతోందని ఎగబడి కొంటున్నాం. పక్కనే ఫంగస్, రూప్‌చంద్. ఒకటి మెకాంగ్ నదిది, ఇంకోటి అమెజాన్‌ది. మార్పు కావాలని అడిగితే అమ్మేవాడు నా మొహం చూస్తాడు.

ఇప్పుడు బయోఫ్లాక్ అట. మా చెల్లెలి మనవడు పెరట్లో టార్పాలిన్ తొట్లు కట్టించాడు.

"తాతా, చెరువుతో పనే లేదు. ఇక్కడే టన్నుల లెక్కన తీయొచ్చు."

"నీళ్లు యాడివి నాయనా?"

"బోరువే తాతా."

వాడు కష్టజీవి, నాకు ప్రాణం. కానీ ఆ తొట్టిలో చేప ఒక్కటే ఊపిరి తీయదు. బెల్లంనీళ్లు పోసి పెంచే సూక్ష్మజీవులూ ఆక్సిజన్ తాగుతాయి, అందుకే గాలిమోటారు రాత్రింబవళ్లు ఆడాలి. ఒకరాత్రి కరెంటు పోయింది. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. పిల్లవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. చెరువులో మేము ఏ మోటారు తిప్పాం?

పాతాళం నుంచి తోడిన నీళ్లు తొట్టికి పోస్తూ, వాననీళ్లు పట్టే చెరువును గాలికొదిలేశాం. వంకలనిండా సీమజాలి కంప. కాలువలు పూడిపోయి కొందరి చేలల్లో కలిసిపోయాయి. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ మీద కృష్ణ నీళ్లు జీడిపల్లి, గొల్లపల్లి జలాశయాల దాకా వచ్చాయే, మన వంకను బాగుచేసుకోవడానికి మనకేం అడ్డం?

చేపపిల్లలకు సబ్సిడీ ఎంతొస్తుందని నన్నడగొద్దు. ముందు వానలు పడేలోగా వంకలో కంప కొట్టించండి, తూము బాగుచేయించండి. ఆ పనికి పార పట్టుకుని నేనూ వస్తాను.