ఫో గిన్నె దగ్గర మడి

వంటింట్లో మడి పోయి తరాలైందని మనం నిశ్చింతగా ఉన్నాం. పోలేదు. వీసా తీసుకుని అమెరికా వెళ్ళింది. శాన్ హోసేలోనో హ్యూస్టన్‌లోనో వియత్నాం వాళ్ళు నడిపే చిన్న హోటల్లో, ఫో అనే నూడుల్స్ చారు గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కట్టుకున్నది మన తెలుగువాడే. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్ రాస్తాడు. శని, ఆదివారాలు గొడ్డు ఎముకల చారు మీద ధర్మశాస్త్రం చెబుతాడు.

ఈ ఫో శాస్త్రిగారి ఆచారకాండ చాలా కఠినం. హోయిసిన్ సాస్ గిన్నెలో పడితే మైల. పెసర మొలకలు వేస్తే అనాచారం. శ్రీరాచా సీసా ముట్టుకుంటే తలస్నానం. పక్కవాడు తులసి రెబ్బ తుంపబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాడు: ‘‘హనోయ్‌లో ఇలా తినర్రా!’’ ఆయనగారి హనోయ్ పరిజ్ఞానమంతా హాలాంగ్ బే ప్యాకేజీ టూరులో బస్సు మారడానికి ఆగిన పూటది. పిజ్జాకి ఆవకాయ నంజుకునే హక్కు మాత్రం ఆయనకు పుట్టుకతోనే వచ్చింది.

సరే, ఆ హనోయ్ సంప్రదాయం ఎంత సనాతనమో చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటికి ఫో పుట్టనే లేదు. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో, 20వ శతాబ్దం మొదట్లో, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో అది రూపు కట్టింది. వియత్నాం రైతుకు ఎద్దు పొలం దున్నే జీవం, కోసుకు తినడం అరుదు. గొడ్డు మాంసం దొరలకు కావలసి వచ్చింది. వాళ్ళ బల్ల మీదికి కండ పోగా మిగిలిన ఎముకలను కాచి, అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం వేసి, బియ్యపు నూడుల్స్ మీద పోసి, కావడి భుజాన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మారు. మడి అక్కడే మంటగలిసింది.

1954లో జెనీవా ఒప్పందం దేశాన్ని రెండు చేసింది. లక్షల మంది ఉత్తరాది వాళ్ళు మూటాముల్లె సర్దుకుని దక్షిణానికి వచ్చారు, ఫో వంటకాన్నీ తెచ్చుకున్నారు. సైగాన్ దానికి తులసి, మొలకలు, హోయిసిన్ సాస్ చేర్చింది. శాస్త్రిగారు మైల అంటున్నది ఆ వలసజనం కొత్త ఊళ్ళో బతికిన బతుకునే. పోనీ అటు హనోయ్ అయినా మడిగా ఉందా? అమెరికాతో యుద్ధం సాగుతుండగా సర్కారు దుకాణాల్లో మాంసం లేని ఫో పోసేవారు. అమెరికా పంపే మనిషి లేని నిఘా విమానాలను తలచుకుని, జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టి నవ్వుకుంటూ తాగారు. శాస్త్రిగారు ఉండుంటే మాంసం లేని ఫో ఫోయే కాదని తిరస్కరించి పస్తుండేవారు.

శ్రీరాచా సంగతీ చూద్దాం. వియత్నాం వదిలి శరణార్థిగా వచ్చిన డేవిడ్ ట్రాన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో ఆ మిరప సాస్ తయారీ మొదలుపెట్టాడు. తనను దేశం దాటించిన ఓడ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. ఆయనకు లేని వియత్నామీతనం మన శాస్త్రిగారికి ఎక్కడినుంచి వచ్చిందో మరి.

బాన్ మీ అనే వియత్నాం శాండ్‌విచ్ దగ్గరికి వస్తే మడి మరీ చిత్రం. రొట్టె ఫ్రెంచిది. పాటే, మయోనీజ్ ఫ్రెంచివే. పైన చిలకరించే మ్యాగీ చుక్కలు స్విట్జర్లాండువి. క్యారెట్, ముల్లంగి పులుపు ముక్కలు, కొత్తిమీర, పచ్చిమిర్చి స్థానికుల చేర్పు. హనోయ్ నుంచి వచ్చిన ఒక జంట 1958లో సైగాన్‌లో హోవా మా అనే దుకాణం పెట్టింది. పళ్ళెం ముందు తీరిగ్గా కూర్చునే టైము లేని పనివాళ్ళకు, విద్యార్థులకు అన్నీ రొట్టెలోనే కూరి చేతికిచ్చింది. అలా కూరి అమ్మిన తొలి దుకాణాల్లో అదొకటని చెబుతారు. ‘అసలైన బాన్ మీ’ కావాలని వెతికేవారికి దొరికేది ఇదే: తొందరలో ఉన్నవాడి టిఫిను.

ఇక హోటల్‌కు శాస్త్రం విధించిన లక్షణాలు. కుర్చీ రెక్సిన్ చిరిగి ఉండాలి. ట్యూబ్‌లైట్ కొట్టుకుంటూ ఉండాలి. వడ్డించేవాడు నవ్వకూడదు. కార్డు తీసుకోకూడదు, నగదే. ఇవన్నీ ఉంటే ‘ఆథెంటిక్’. యజమాని నాలుగు డబ్బులు మిగిల్చి గోడకు రంగు వేయించాడా, ‘‘కమర్షియల్ అయిపోయాడండీ’’ అని నిట్టూర్పు. అదే శాస్త్రిగారు ఇటాలియన్ హోటల్లో కొవ్వొత్తి వెలుగు లేకపోతే లోపల అడుగు పెట్టరు. పది నిమిషాల్లో ఉడికే పాస్తాకు 25 డాలర్లు, పైన టిప్పు. రాత్రంతా ఎముకలు కాచిన చారు మీద ఒక్క డాలరు పెరిగితే మాత్రం ‘‘ఇదివరకు ఇంత ఉండేది కాదే’’. ఒకరి పేదరికం ఈయన నాలుకకు మసాలా అన్నమాట. శాన్ హోసేలో లంచ్ ట్రక్కులు నడిపిన శరణార్థి కుటుంబం 1983లో లీస్ శాండ్‌విచెస్ పెట్టి, దాన్ని పెద్ద గొలుసు దుకాణం చేసింది. శాస్త్ర ప్రకారం వాళ్ళు ట్రక్కులోనే ఉండిపోవాలి, మనం ఫొటో తీసుకోవడానికి.

2016లో బాన్ అపెటీ అనే అమెరికన్ పత్రిక, ఫో ఎలా తినాలో ఒక తెల్ల చెఫ్ చేత వీడియోలో పాఠం చెప్పించింది. వియత్నామీలు మండిపడ్డారు, పత్రిక క్షమాపణ చెప్పుకుంది. అప్పుడు మన శాస్త్రిగారు కూడా వాట్సాప్‌లో వీరావేశంతో ఖండించారు: ‘‘మన ఆసియా వాళ్ళకు వీడా నేర్పేది!’’ నిజమే, ఆ ఉద్యోగానికి ఆయన అప్పటికే దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు.

ఈ శాస్త్రానికి ఎక్కువగా బలయ్యేది మన శాకాహారులు. ‘వెజ్ ఫో’ అని అడిగితే శాస్త్రిగారు పొలమారేలా నవ్వుతారు. వియత్నాం బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాసంలో ఒకటో తేదీన, పదిహేనో తేదీన మాంసం ముట్టరు. వాళ్ళకోసం కూరగాయలతో కాచే ఫో అక్కడ ఎప్పటినుంచో ఉంది. కాబట్టి తలెత్తుకుని అడగండి. చేప సాస్ వేశారా అని కూడా అడగండి, అది తప్పు కాదు.

మిగతావారికి ఒక్క మాట. ముందు చారు ఒక గుక్క ఉత్తదే తాగి చూడండి. వండినవాడి కష్టానికి ఆమాత్రం మర్యాద చాలు. తర్వాత సాస్ పోసుకుంటారో, మొలకలు గుప్పిస్తారో, నిమ్మకాయ పిండుకుంటారో మీ ఇష్టం. పక్కవాడి గిన్నెలోకి తొంగిచూడకండి. కొత్త కుర్చీలు కనబడితే సంతోషించండి. ధర పెరిగితే సణక్కుండా ఇవ్వండి. ఎముకలకు, గ్యాసుకు, అద్దెకు ఆ హోటలాయన కూడా డాలర్లలోనే కట్టుకోవాలి.