పడ్డవాడిదే నేరమట!

బస్తర్‌లో అన్నీ లేస్తున్నాయి. నగర్నార్‌లో ఉక్కు కర్మాగారం లేచింది, అడవి వాగుల మీద వంతెనలు లేస్తున్నాయి. లేవలేనిది ఒక్కడే, స్లాబు మీంచి పడ్డ కూలీ!

పొద్దున ఇటుకలు మోసినంతసేపూ 'మనోడే'. మధ్యాహ్నం కాలు విరగ్గానే 'ఎవడో దారినపోయేవాడు'. మస్టర్లో పేరుండదు. మేస్త్రీ సబ్ కాంట్రాక్టర్ని చూపిస్తాడు, అతను పెద్ద కాంట్రాక్టర్ని, ఆయన ఆకాశాన్ని!

చట్టం మాత్రం 1923 నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పనిలో గాయపడితే పరిహారం బాధ్యత యజమానిదే. కూలీని తెచ్చింది కాంట్రాక్టరైనా అసలు యజమాని తప్పించుకోలేడు. పరిహారం ఇవ్వడం నెల దాటితే వడ్డీ, కారణం లేని జాప్యానికి 50 శాతం దాకా జరిమానా. 2025 నవంబరులో ఈ హామీయే సామాజిక భద్రతా స్మృతిగా కొత్త అట్ట వేసుకుంది.

గోండీ, హల్బీ మాట్లాడే కూలీకి ఇవన్నీ విడమరిచి చెప్పే తీరిక ఎవరికుంది? చేతిలో నాలుగు నోట్లు పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునే తీరిక మాత్రం అందరికీ ఉంటుంది.

కూలన్నా, ఆ వేలిముద్ర వేయకు. వేసినా బెంగపడకు. పరిహారం హక్కు వదులుకున్నానని రాయించుకున్న ఏ కాగితమూ చట్టం ముందు చెల్లదు.