తెల్లకొంగ కింద నీళ్లు ఎర్రగానే ఉండనీయండి

పక్షుల ఫొటోలు తీసేవాళ్లు కొత్తవాళ్లకు తప్పకుండా చెప్పే మాటలు నాలుగున్నాయి. పొద్దు పొడవకముందే వెళ్లు. ఒడ్డున బోర్లా పడుకో. పోలరైజర్ ఫిల్టర్ జోలికి పోకు. ఇంటికొచ్చాక నీళ్లకు కాస్త నీలం ఎక్కించు. పక్షి వరకే అయితే మొదటి మూడూ మంచివే. నీటి రంగు ఉన్నదున్నట్టు రావాలంటే మాత్రం నాలుగూ పనికిరావు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు చెరువులకు వెళ్లేవాళ్లను వీటికి సరిగ్గా ఎదురు చేయమంటాను. తలకిందుల సలహాలని అనుకున్నా సరే, ఒక్క పూట చేసి చూడండి.

ముందు మన నీళ్ల సంగతి. ఇది పత్తి పండే నల్లరేగడి సీమ. ఆ మట్టిలోని బంకరేణువు మిల్లీమీటరులో అయిదు వందల వంతు కన్నా సన్నం. వాననీటితో కలిసి చెరువులో పడ్డాక అది అంత తొందరగా అడుక్కి దిగదు. నీళ్లకు ఆ మట్టి రంగు వారాల తరబడి ఉండిపోతుంది. ఎర్రనేలల మీదుగా వచ్చిన వంకనీళ్లది ఇటుకరంగు. అదే తుంగభద్ర మంత్రాలయం దగ్గర వరదలో మట్టిరంగుతో పారుతుంది, ఎండాకాలం బండల మధ్య మడుగుల్లో పాచిపట్టి పచ్చబడుతుంది. హంద్రి మీద కట్టి దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన గాజులదిన్నె జలాశయమూ వానలు పోయాక ఉన్నట్టు ఎండలు ముదిరాక ఉండదు. వీటన్నిటికీ ఒకే నీలం పూస్తే మిగిలేది కొంగ ఒక్కటే. ఏ ఊరు, ఏ నెల, వాన పడిందా లేదా అన్నవన్నీ పోతాయి. అవన్నీ చెప్పేది నీళ్లే.

కాబట్టి పడుకోకండి. కట్ట మీద నిలబడండి. నీళ్లను నిట్టనిలువుగా కిందికి చూస్తే పైనుంచి తిరిగొచ్చే ఆకాశపు వెలుగు నూటికి రెండు పాళ్లే. చూపు వాలేకొద్దీ అది పెరుగుతుంది. గాలి లేని నీటి మీద ముప్పై మీటర్ల దూరంలో కొంగ ఉందనుకోండి. కట్ట మీద నీటికి అయిదు మీటర్ల ఎత్తున కెమెరా పెట్టి చూస్తే పడిన ఆకాశపు వెలుగులో మూడో వంతు పైచిలుకు తిరిగొస్తుంది. నేలకు జానెడెత్తున కెమెరా పెట్టి పడుకుంటే దాదాపు అంతా తిరిగొస్తుంది. అప్పుడు మీరు తీసింది చెరువును కాదు, చెరువులో పడిన ఆకాశాన్ని. పక్షి కంటి ఎత్తులో తీసిన ఫొటో అందంగా ఉంటుంది, కాదనను. కానీ అందులోని నీలం నీటిది కాదు.

కట్ట మీద నిలబడితే పక్షులు లేచిపోతాయని భయపడతారు. మన చెరువుకట్టల మీద గొర్రెల కాపరులు, బట్టలుతికేవాళ్లు రోజూ నడుస్తూనే ఉంటారు. తుమ్మచెట్టు పక్కన కదలకుండా నిలబడిన మనిషిని గుడ్డికొంగ పెద్దగా పట్టించుకోదు. ఇంకో మేలు కూడా ఉంది. కట్ట మీద అటూ ఇటూ నడిచి, పక్షి వెనక నీళ్లలో ఆకాశానికి బదులు గుట్ట నీడో చెట్టు నీడో పడే చోటు వెతుక్కోవచ్చు. ఆదోనిలో కోటకొండల కింద ఉన్న రాంజల చెరువు దగ్గర ఇది బాగా కుదురుతుంది. ఆకాశపు తెలుపు పోయిన ఆ నీడపట్టులోనే నీటి సొంత రంగు బయటపడుతుంది.

పోలరైజర్ పెట్టండి. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది కాబట్టి పక్షులకు వద్దంటారు. ఎగిరే పక్షికి నిజంగానే వద్దు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగకు ఆ వెలుగు పోతే నష్టమేముంది, ఐఎస్ఓ పెంచుకోండి. 1921లో సి.వి.రామన్ యూరప్ నుంచి ఓడలో తిరిగొస్తూ నికల్ పట్టకంతో మధ్యధరా సముద్రాన్ని చూశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో పెరిగిన మనిషి, సముద్రం ఆయనకు కొత్త కాదు. సముద్రపు నీలమంతా ఆకాశపు ప్రతిబింబమేనని అప్పటికి రేలీ లాంటి పెద్దల మాట. పట్టకం ఆ ప్రతిబింబాన్ని తీసేసినా నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. ఆ నీలం నీటిదేనని ఆయన వాదించారు. మీ పోలరైజర్ చేసేదీ ఆ పట్టకం పనే. గాజులదిన్నె ఒడ్డున దాన్ని తిప్పి చూడండి. ఇక్కడ ప్రతిబింబంతోపాటు నీలమూ తగ్గుతుంది, మట్టి పైకొస్తుంది. నీటి మట్టానికి 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. అందుకూ కట్టే మేలు.

తెల్లవారుజామున కాదు, చలికాలం తొమ్మిదిన్నర, పదిగంటలకు తీయండి. పొద్దున్నే కొంగ మీద పడేది పసుపుపచ్చని ఎండ, నీళ్లలో కనిపించేది నీలాకాశం. ఒకే ఫొటోలో రెండు వెలుగులు. కొంగను తెల్లగా చేయబోతే నీళ్లు ఇంకా నీలమవుతాయి, నీళ్లను సరిచేయబోతే కొంగ పచ్చబడుతుంది. పొద్దెక్కాక ఈ పేచీ చాలావరకు తగ్గుతుంది.

వైట్ బ్యాలెన్స్‌కు చేతికందిన తెలుపును నమ్మకండి. నీలిమందు పెట్టిన పంచెను చూపిస్తే కెమెరా ఆ నీలాన్ని విరిచి ఫొటో మొత్తాన్ని పసుపు చేస్తుంది. ఆదోనిలో ఎటు చూసినా దొరికే పత్తిని చూపిస్తే, దాని మీగడ రంగును విరవబోయి నీలం చేస్తుంది. గ్రే కార్డు కొనుక్కోండి. అది లేకపోతే ‘డేలైట్’ మీద ఉంచి రా ఫైల్‌లో తీయండి. ఆటో మాత్రం వద్దు. ఫ్రేమంతా ఎర్రనీళ్లుంటే వెలుగే ఎర్రగా ఉందనుకుని దాన్ని చల్లార్చడానికి చూస్తుంది.

పక్షి జోలికి పోకముందే ఎండ పడేచోట, మీ కాళ్ల దగ్గరి నీళ్లను నిలువుగా పైనుంచి ఒక ఫొటో తీసిపెట్టుకోండి. ఒడ్డున తడిసిన మట్టి, ఎండిన మట్టి రెండూ అందులో పడాలి. ఇంటి దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మీ జ్ఞాపకం కన్నా అదే గట్టి సాక్ష్యం.

ఎడిటింగ్‌లో నీలం మీట తాకకండి. లకుముకిపిట్ట వీపు నీలం, మీరు నీళ్లకు పూసే నీలం ఒకే మీట కింద ఉంటాయి. ఒకటి జరిపితే రెండోదీ జరుగుతుంది. పిట్టను ఉన్నదున్నట్టు చూపించాలని అంత దూరం వెళ్లి, చివరికి దాని రంగే మార్చేసినట్టవుతుంది.

ఈ చలికాలం ఇటువైపు వచ్చేవాళ్లకు ఒక మనవి. ఫొటో కింద పక్షి పేరుతో ఆగకుండా చెరువు పేరు, నెల, అంతకుముందు వాన ఎప్పుడు పడిందో కూడా రాయండి. నీళ్లు మురికిగా ఉన్నాయని ఎవరైనా అంటే మార్చకండి. అది ఈ చేల మట్టి అని చెప్పండి.