సెక్షన్లు మారును, ఫీజు మారదు

ఈ ఏడాది కార్పొరేట్ బడుల కరపత్రాలన్నింటికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. ప్రతి బిడ్డా ప్రత్యేకమట. వారం వారం పరీక్ష, స్థాయిని బట్టి బోధన, ఫ్లెక్సిబుల్ గ్రూపింగ్. చాలా సంతోషం.

ముందు సెక్షన్ల పేర్ల సంగతి చూద్దాం. ఏ, బీ, సీ అంటే పిల్లలు నొచ్చుకుంటారని మా వీధి చివరి బడిలో ఏడో తరగతికి స్టార్, సూపర్ స్టార్, మెగా స్టార్ అని పెట్టారు. అందరికంటే కిందున్నది స్టార్! మెగా పైన ఇంకో బ్యాచ్ ఉంది, దానికి ఏసీ గది. అభిమాన సంఘాలొక్కటే తక్కువ. వచ్చే ఏడు ఇంకో సెక్షన్ పెడితే ఏ హీరో బిరుదు మిగిలిందో వెతుక్కోవాలి.

శనివారం పరీక్ష, సోమవారానికల్లా జాబితా నోటీసు బోర్డు మీద. మధ్యాహ్నానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో. సాయంత్రం పక్కింటావిడ మా ఆవిడను పలకరిస్తుంది, చావు పరామర్శకొచ్చిన గొంతుతో: "మీవాడు ఇంకా స్టారేనా వదినా?"

మెగా నుంచి సూపర్‌కు దిగితే టై రంగు కూడా మారుతుంది. కొత్త టైకి డబ్బు వేరే. గది మారుతుంది, బెంచీ మారుతుంది, పక్కన కూర్చునే స్నేహితుడు మారతాడు. ఫీజు ఒక్కటే చెక్కుచెదరదు. కింది సెక్షన్‌కు దిగిన పిల్లాడికి వంద రూపాయలు తగ్గించిన బడి ఉంటే చెప్పండి, దాని కరపత్రాలు నేనే పంచుతాను.

స్థాయిని బట్టి చెప్పే పద్ధతిలో తప్పు లేదు. భిన్నాలు రానివాళ్లెవరో పరీక్షలో పట్టుకుని, కొన్నాళ్లు విడిగా కూర్చోబెట్టి చెప్పి, వచ్చాక ఆ గుంపును చెదరగొట్టేయాలి. చదవడంలో వెనకున్న పిల్ల లెక్కల్లో ముందు గుంపులో ఉండొచ్చు. ప్రథమ్ సంస్థ చేసేదిదే: అక్షరం, పదం, పేరా, కథ, వీటిలో ఎక్కడ ఆగారో చూసి, ఏ తరగతి అని అడక్కుండా అక్కడి నుంచే చెబుతారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమానిదీ ఆ దారే. ఐదు తరగతులకూ ఒక్క టీచరే ఉన్న బడిలో ఆ గుంపుల్ని ఎవరు చూస్తారో దేవుడికే ఎరుక.

కార్పొరేట్ బడిలో పరీక్ష పెట్టేది పిల్లాడికేం రాదో తెలుసుకోవడానికి కాదు, వాడి మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో తేల్చుకోవడానికి. ఇరవయ్యేళ్ల అనుభవమున్న లెక్కల మాస్టారు ఎక్కడ? అన్నీ వచ్చినవాళ్ల గదిలో. భిన్నాలు రానివాళ్లకు నిన్న డిగ్రీ పూర్తిచేసి ఇవాళ చేరిన కుర్రాడు, వాడి ముందు అరవై మంది. జలుబుకు పెద్ద డాక్టర్ని పంపి, గుండెపోటును వార్డుబాయ్‌కి అప్పగించే ఆసుపత్రిని ఇలాగే మెచ్చుకుంటామా? ర్యాంకూ పేపర్లో ఫొటోలూ పైగదికి. ఆ ప్రకటనలకు డబ్బు కట్టేది కిందిగదుల పిల్లల నాన్నలు. ఇది బోధన కాదు, మోసం.

మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానుకోండని 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పది. మన గడ్డ మీద జరిగినదాని మీద వచ్చిన మాట, మన బడులకే వినబడలేదు. ఆ 'వీలైనంతవరకు' వాళ్లకు బాగా వీలుగా ఉంది.

అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఏసీ గది చూసి మురిసిపోకండి. అట్టడుగు సెక్షన్‌కు లెక్కలు ఎవరు చెబుతున్నారు, ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. నీళ్లు నమిలితే చెక్కు జేబులోనే ఉంచుకుని లేచి రండి.