మోడు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. మూలం రాసినవాడూ వ్యాఖ్య రాస్తున్నవాడూ ఒక్కడేనని శంకించేవారు శంకించుకోవచ్చు. అలాంటి శంకలు మన సాహిత్యానికి కొత్త కాదు. రచనాకాలం మాత్రం నిర్ణయించవచ్చు. ఆట, ఏరు, మంచు ఒకేచోట వస్తున్నాయి గనుక ఇది 2011 నవంబరు 11న విడుదలైన ‘స్కైరిమ్’ గురించేనని నిశ్చయం. మోడు మీద మోడు అన్నాడు గనుక, అభిమానులు ఆ ఆటకు చేసిన మార్పులూ చేర్పులూ గుట్టలుగా పేరుకున్నాకే పద్యం పుట్టి ఉండాలి. తెలియనివారి కోసం: స్కైరిమ్ అమెరికాలోని బెథెస్డా సంస్థ చేసిన వీడియో గేమ్. ఆడేవాడు ఒక పాత్ర ధరించి మంచు దేశమంతా తిరుగుతాడు, డ్రాగన్లను చంపుతాడు, మధ్యమధ్య కనబడిన ఇంట్లో దూరి జున్ను ఎత్తుకుపోతాడు.

మూలం

మోడు మీద మోడు మోపి యాటాడంగ
మూల కథయె వాడి మూర్ఛవోయె
తీసివేయ వేయ తేటయై తోచెరా
చెంత నున్న యేరు, చెట్టు, మంచు!

ప్రతిపదార్థం

మోడు మీద మోడు = ఒక మోడ్ పైన ఇంకో మోడ్; మోపి = బరువుగా ఎత్తిపెట్టి (బరువు పడ్డది కంప్యూటరు మీద); ఆటాడంగ = ఆట ఆడుతుండగా (‘ఆడదామని కూర్చోగా’ అని కొందరు. అదే సమంజసం, మోడ్లు పెట్టేవాడు ఆడటం అరుదు); మూల కథయె = అసలు కథే; వాడి = వడలిపోయి; మూర్ఛవోయె = స్పృహ తప్పెను (ఆట ఉన్నట్టుండి మాయమై డెస్క్‌టాప్ ప్రత్యక్షమాయెనని లౌకికార్థం); తీసివేయ వేయ = ఒక్కొక్కటే తొలగించగా తొలగించగా; తేటయై = నిర్మలమై; తోచెరా = కనబడెనురా; చెంత నున్న = మొదటినుంచీ పక్కనే ఉన్న; ఏరు, చెట్టు, మంచు = స్పష్టము.

తాత్పర్యం

మోడ్ల మీద మోడ్లు పెట్టుకుంటూ పోతే అసలు ఆట నీరసించి కుప్పకూలింది. ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఇన్నాళ్లూ కళ్లముందే ఉన్న నదీ చెట్టూ మంచూ మళ్లీ కనబడ్డాయని భావం.

విశేషాలు

ఆటను గురించిన పద్యానికి ఆటవెలదిని ఎన్నుకోవడం ఔచిత్యం. ‘మోడు’లో ఎండిపోయిన చెట్టు కూడా తోస్తుంది, నాలుగో పాదంలో పచ్చని చెట్టు ఉంది కాబట్టి శ్లేష సార్థకం. అలంకారాల గొడవ ఇంతటితో చాలు. అసలు విషయం ‘మోపి’లో ఉంది.

స్కైరిమ్‌లో ప్రతి పెద్ద మోడూ ఒక ప్లగిన్. ప్లగిన్లన్నీ ఒక వరుసలో నిలబడతాయి, దాన్నే లోడ్ ఆర్డర్ అంటారు. ఆ వరుసలో 255కు మించి చోటు లేదు. ఆ తరువాత తేలికపాటి ప్లగిన్లనే కొత్త జాతి వచ్చి, వాటికి ఇంకో 4096 చోట్లు దొరికాయి. చోటు దొరికితే నింపకుండా ఊరుకునే మనిషిని నేనింకా చూడలేదు. ఒకే వస్తువు మీద రెండు మోడ్లు చెయ్యి పెడితే వరుసలో వెనక నిలబడ్డదాని మాటే చెల్లుతుంది. ఒక మోడ్ పల్లెలో దేవదారు చెట్లు నాటుతుంది, ఇంకోటి అదే జాగాలో ఇల్లు కడుతుంది, ఇంటి కప్పు చీల్చుకుని చెట్టు పైకి వస్తుంది. ఆ రెంటికీ రాజీ కుదర్చడానికి ఒక ప్యాచ్ కావాలి. మూడో మోడ్ వచ్చి రోడ్డు వెడల్పు చేస్తే ఆ ప్యాచ్‌కు మళ్లీ ప్యాచ్. వరుస సర్దిపెట్టడానికి లూట్ అనే సాధనం ఉంది, తగవులు లోపలికి దిగి చూడటానికి ఎక్స్‌ఎడిట్ ఉంది. ఈ రెండూ బాగా నేర్చినవాడు ఆట సంగతి మరచి, రాత్రి రెండింటిదాకా చెట్టుకూ కప్పుకూ పంచాయతీ చేస్తూ కూర్చుంటాడు.

ఇక ఆటలో కష్టం పెంచే మోడ్ల మాట. ఫ్రాస్ట్‌ఫాల్ పెట్టుకుంటే చలి వేస్తుంది, ఏట్లో దిగితే తడుస్తారు, నెగడు రాజేసుకోవాలి. ఒక్కటిగా మంచి ఊహే. దాని పక్కన ఆకలి మోడ్, నిద్ర మోడ్, గాయాల మోడ్, సంచి బరువు మోడ్ చేరాక వీరుడికి లోకరక్షణకు తీరిక ఉండదు. వంటచెరకు ఏరుకోవాలి, పులుసు కాచుకోవాలి, చెప్పులు ఆరబెట్టుకోవాలి. ఇంటి చాకిరీ నుంచి కాసేపు తప్పించుకుందామని వచ్చినవాడికి ఇది పిలిచి అంటించిన చాకిరీ.

చిన్న చేర్పు ఎంత పని చేస్తుందో తయారీదారులకూ అనుభవమే. ఆట మొదట్లో ఖైదీలను బండెక్కించి హెల్గెన్‌కు తీసుకుపోతారు. తయారీ రోజుల్లో ఆ బండి ఒక్కోసారి రాకెట్‌లా గాల్లోకి లేచిపోయేదట. కారణం ఒక తేనెటీగ అని ఆ సంస్థలో పనిచేసిన నేట్ పర్కీపైల్ తరువాత చెప్పాడు. ఆటగాడి చేతికి తేనెటీగలు చిక్కడం లేదని సవరణ చేస్తే, ఆ సవరణతో తేనెటీగ దేనికీ కదలని వస్తువైంది. దానికి తగిలిన బండి ఎగిరింది.

‘మూర్ఛవోయె’ అన్న క్రియ ఊరికే పడలేదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన టీక పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, తన టీక దాన్ని తెప్పరిల్లజేస్తుందని ఆయన పూనిక. అంటే మూలాన్ని పడగొట్టగలవాడు శత్రువే కానక్కరలేదు, ప్రేమతో పక్కన చేరి ఆపకుండా మాట్లాడేవాడు చాలు. మోడ్లు చేసేవాళ్లందరూ ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లే. మల్లినాథుడు తనకు రెండు కట్టుబాట్లు కూడా పెట్టుకున్నాడు: మూలంలో ఆధారం లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం. మోడ్లు వడపోసేవాడికి ఇంతకన్నా గట్టి పరీక్ష దొరకదు. అభిమానులే ఆటలోని వందల తప్పులు దిద్దిన అనధికార ప్యాచ్ రెండింటిలోనూ నెగ్గుతుంది. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను వెలిగందల నారయ మొదలైనవారు పూరించిన తీరు అది, ప్రక్షిప్తం కాదు. జున్ను ముక్కకు 4కె టెక్స్చర్ మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో పోతుంది. డ్రాగన్ల బదులు థామస్ రైలింజన్లు పొగలు కక్కుతూ ఎగిరివచ్చే మోడ్ ఒకటుంది. అది రెండింట్లోనూ పోతుంది. కానీ నవ్వించింది కాబట్టి హాస్యరసం పద్దు కింద వారం రోజులు ఉండనివ్వవచ్చు.

‘మూల కథ’ అంటే ఏమిటని అడిగేవారికి రివర్‌వుడ్ చాలు. హెల్గెన్‌లో డ్రాగన్ బారినుంచి బయటపడి, కొండ దిగి, ఏటి పక్కనే నడిచి ఆ పల్లెకు చేరతాం. రంపం మిల్లు, నాలుగిళ్లు, ఒక కోడి. అరుగు మీద ముసలమ్మ డ్రాగన్ను చూశానని అరుస్తుంటే కొడుకు నమ్మడు. అది నిజమని ఊళ్లో తెలిసింది ఆమెకూ, మనకూ, మనవెంట వచ్చినవాడికీ మాత్రమే. ఆట మొదలును మార్చే మోడ్ పెట్టుకుని ఏ సత్రంలోనో కళ్లు తెరిచినవాడికి ఈ ముసలమ్మ ఒక చాదస్తం, అంతే.

అదే ఊరి అంగట్లో బంగారు పంజా దొంగతనం పోయింది. దాన్ని వెతుక్కుంటూ పైనున్న పాడుబడ్డ సమాధిలోకి వెళితే, సాలెగూట్లో చిక్కుకున్న దొంగ దొరుకుతాడు. లోపల ఒక రాతి తలుపు, దాని మీద మూడు వలయాలు, ప్రతి వలయం మీదా జంతువుల బొమ్మలు. ఏ బొమ్మ ఎక్కడ నిలవాలో దారి చూపే బాణం చెప్పదు. సంచి తెరిచి, పంజాను తెరమీదికి తెచ్చి, మౌస్‌తో తిప్పి బోర్లించాలి. అరచేతి వైపు మూడు చిన్న చెక్కడాలున్నాయి: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. కరతలామలకమన్న మాట ఇంత అక్షరాలా చెల్లే చోటు ఇంకోటి నాకు తెలియదు. వస్తువును చేతిలోకి తీసుకుని నిదానంగా చూడమని ఆట మొదటి గంటలోనే అడుగుతోంది. సంచిలో మోడ్లు తెచ్చిపెట్టిన కత్తులు మూడు వందలున్నవాడు పంజాను వెతుక్కునేసరికే విసిగిపోతాడు.

పాఠాంతరం

మూడో పాదాన్ని కొందరు ‘వేసి తీయ తీయ’ అని చదువుతారు. అంగీకరించరాదు. వేకూ తేకూ యతి చెల్లదు. శాస్త్రరీత్యా కూడా దోషమే: ఆట నడుస్తుండగా మోడ్ వేసి తీస్తే, దాని పాపిరస్ స్క్రిప్టుల అవశేషాలు సేవ్ ఫైల్లోనే మిగిలి, పోయిన యజమానిని వెతుక్కుంటాయి. యతీ చెడింది, సేవూ చెడింది. కాబట్టి కవి ‘తీసివేయ’ అన్నప్పుడు కొత్త ఆట మొదలుపెట్టాడనే గ్రహించాలి.

శంక

మోడ్లే లేకపోతే ఈ ఆట ఇన్నేళ్లు బతికేదా? బతికేది కాదు. 2012లో తయారీ సంస్థే తన పనిముట్లను అందరి చేతిలో పెట్టింది; వాటితోనే జర్మనీ బృందం ‘ఎండెరల్’ అనే పూర్తిగా వేరే లోకాన్ని కట్టింది. అది వ్యాఖ్య కాదు, స్వతంత్ర కావ్యం. దానిపై ఈ పద్యానికి అధికారం లేదు.

మరి మెనూను మార్చే స్కైయూఐ మోడ్ సంగతో? అసలు మెనూ గేమ్‌ప్యాడ్ పట్టుకునేవారి కోసం చేసింది. మౌస్ చేతిలో ఉన్నవాడికి స్కైయూఐ ఇచ్చే వరుస పట్టికే సుఖం. దానికి స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే ఇంకో సాధనం కావాలి, ఆటకు కొత్త అప్‌డేట్ పడ్డప్పుడల్లా అదీ మారాలి, మళ్లీ గొలుసు మొదలు. కవి దాన్ని ఉంచాడా తీసేశాడా అన్నది పద్యంలో లేదు. ఉంచాడనే నా మతం. ఏరు, చెట్టు, మంచు పట్టేసరికి నాలుగో పాదంలో సూర్యగణాలు ఐదూ అయిపోయాయి.